కట్టి విడిచిన చీర

"ముందు ఆ చీర అక్కణ్ణించి తియ్యవే తాయారూ. అన్నం తినే బల్ల మీద అదేంటి, పంచాయితీలో దొంగని కూర్చోబెట్టినట్టు!" అన్నాడు రంగనాథ్, ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తోచక.

మంగతాయారు చట్నీ గిన్నె తెచ్చి ఆయన రెండో చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది.

చీర మాత్రం బల్ల మధ్యలో దర్జాగా ఉంది. చిలకపచ్చ వెంకటగిరి, సన్న జరీ అంచు. నిన్న సాయంత్రం చీర్‌లీడింగ్ సమాఖ్య ప్రెసిడెంట్ మిసెస్ ఓంగ్ ఫోన్ చేసిన దగ్గర్నుంచీ అది అక్కడే ఉంది. బీరువాలోకీ పోదు, గడప దాటి బయటికీ పోదు.

"అమ్మా, జస్ట్ రిటర్న్ ఇట్ లా," అంది ప్రణవి ఈ దేశపు యాసలో, బూట్ల తాళ్ళు లాగుతూ. "సూర్య ఆంటీకి ఇచ్చేసి వచ్చెయ్. వై సో మచ్ డ్రామా?"

"వాయనంతో వచ్చిన చీర తిరిగిస్తారటే ఎవరైనా? పెట్టినింటికి అరిష్టం. పైగా ఆ ఇంట్లో కూతురు ఆమని ఏడోనెల కడుపుతో ఉంది. మీ తాతమ్మ వింటే నా చెవులు మెలేసేది."

"తాతమ్మ ఈజ్ నాట్ ఇన్ ద కమిటీ."

రంగనాథ్‌కి నవ్వొచ్చింది. భార్య మొహం చూసి, ఆ నవ్వుని ఇడ్లీతో పాటు మింగేశాడు.

"నవ్వండి. మీకేం? ఈ చీర వంకన ఆదివారం నా నోరు కట్టేసి కూర్చోబెడితే, ఈ పిల్ల జట్టు మళ్ళీ పోటీ మెట్టెక్కదు. అప్పుడు నవ్వుదురుగాని."



ఆదివారం సమాఖ్య కమిటీలో ఓటింగు. ట్విర్లోరా అని, చీర్‌లీడింగ్ పిల్లల డ్రెస్సులూ బూట్లూ తలరిబ్బన్లూ అమ్మే కంపెనీ. ఇకమీదట దేశంలో పోటీలన్నిటి ఖర్చూ తనే పెట్టుకుంటానంది. బదులుగా పోటీకి దిగే ప్రతి జట్టూ దాని డ్రెస్సే తొడగాలి. దాని శిబిరాల్లోనే నేర్చుకోవాలి. మార్కులు వేసే జడ్జీలు కూడా అది తయారుచేసినవాళ్ళే అయ్యుండాలి.

"కోడికి కత్తి కట్టేవాడూ వాడే, పందెం కాసేవాడూ వాడే, ఏ కోడి గెలిచిందో చెప్పేవాడూ వాడే అయితే ఆ బరిలోకి మనమెందుకండీ?" అంది మంగతాయారు పోయిన మీటింగులో. ఇంగ్లీషులో ఆ సంగతి అంత రంజుగా రాలేదు గానీ, అర్థం కావలసినవాళ్ళకి అయింది.

కమిటీ సగానికి సగం చీలింది. త్రాసు ముల్లు నిట్టనిలువుగా నిలబడితే, దాని మీద వాలాల్సిన ఈగ మంగతాయారు.

సరిగ్గా ఆ మీటింగుకే ఈ చీర కట్టుకుని వెళ్ళింది.

"అసలు అదే ఎందుకు కట్టుకెళ్ళాలి?" అన్నాడు రంగనాథ్, ఈ ప్రశ్న నిన్నటి నుంచి ఎన్నోసారో మర్చిపోయి.

"పెట్టినవాళ్ళ కళ్ళెదుట ఒకసారి కట్టి కనబడాలి. లేకపోతే నచ్చలేదేమో అనుకుంటారు. మా అమ్మ నేర్పింది అదే."

"ఆ పెట్టినావిడ ఆ రోజు కంపెనీ తరఫున బేరానికొచ్చింది కదే!"

"నా కళ్ళకి సూర్య వదినే కనబడింది. కంపెనీ కనబళ్ళేదు."

"పోనీ, మిసెస్ ఓంగ్ 'నైస్ సారీ' అనగానే అందరి ముందూ 'సూర్య గేవ్ మీ' అని చాటింపు వేసింది ఎవరు? నేనా?"

"అడిగితే చెప్పనా? దొంగసొత్తా అది?"

"ఇప్పుడు అదే అయింది." రంగనాథ్ ప్లేటు సింకులో పెట్టి, బ్యాంకుకి వెళ్ళే సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు. "చూడు తాయారూ. ఓటు వెయ్యకు. పక్కకి తప్పుకుంటే నీ స్నేహం నీకుంటుంది, నీ మర్యాద నీకుంటుంది."

"మరి దీని ఎగురుడు?"

ఆయన కూతురి వంక చూశాడు. ప్రణవి నాన్న వంక చూడలేదు. ఇద్దరూ ఒకే లిఫ్టులో దిగారు గానీ ఆ లిఫ్టులో మాటలుండవని మంగతాయారుకి తెలుసు.

* * *

అలమార పైనుంచి ఇత్తడి పళ్ళెం దించింది. రాత్రి నానబోసిన శనగలు వడేసింది. ఇవాళ శ్రావణంలో ఆఖరి శుక్రవారం. సాయంత్రం ఆఫీసు కాగానే పేరంటానికి రమ్మని సూర్యకుమారికి పొద్దున్నే మెసేజి పెట్టింది. 'వస్తాను వదినా' అని జవాబొచ్చింది. అంతే. పక్కన పువ్వు బొమ్మలూ లేవు, దణ్ణాల బొమ్మలూ లేవు.

ఆమె చేతులు పసుపు కలుపుతున్నాయి గానీ, చూపు కిటికీలోంచి కిందికి పోతోంది. కింద, ఈ హౌగాంగ్ బ్లాకు అడుగున, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, చదరంగం గళ్ళు చెక్కిన రాతిబల్ల ఇంకా ఉంది.

ఆ బల్ల మీదే మొదలైంది అంతా.

అప్పటికి ప్రణవి పాలపళ్ళ పిల్ల. సూర్యకుమారి పై అంతస్తులో ఉండేది. ఆవిడది రేపల్లె పక్క, తనది దివిసీమ. కృష్ణకి అటూ ఇటూ. "ఏటికి అడ్డంపడి పిలిస్తే పలికేంత దూరంలో పుట్టి, ఇంతదూరమొచ్చి కలిశాం వదినా," అనేది సూర్యకుమారి. ఆ రోజునే వదినలైపోయారు.

ఆమనికి చీర్‌లీడింగ్ పిచ్చి పట్టింది. స్కూల్లో జట్టు లేదు. ఈ బ్లాకు పిల్లలూ పక్క బ్లాకు పిల్లలూ పోగై, ఎవరో పారేసిన పాత పరుపులు మెట్ల కింద నుంచి లాక్కొచ్చి పరిచారు. చైనా పిల్లలు, మలయ్ పిల్లలు, మన పిల్లలు. ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు నిలబడేవాళ్ళు. కిందవాళ్ళు పైదాన్ని గాల్లోకి విసిరి మళ్ళీ పట్టేవాళ్ళు. చదరంగం ఆడుకునే ముసలాయనలు మొదట్లో కసురుకున్నారు. తర్వాత వాళ్ళే పావులు పక్కకి నెట్టి చప్పట్లు కొట్టారు.

మంగతాయారుకి అది చూస్తే చిన్నప్పటి ఉట్టి గుర్తొచ్చేది. కృష్ణాష్టమినాడు ఊళ్ళో మొగపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కేవాళ్ళు. తన చిన్నన్న ఎప్పుడూ అట్టడుగునే. "పైవాడి మొహం చూడకే తాయారూ, మొహం చూస్తే మోసపోతాం. నడుం చూడాలి. వాడు ఎటు పడబోతున్నాడో నడుం ముందే చెబుతుంది," అనేవాడు, వీపు మీద మట్టి దులుపుకుంటూ. తనకీ ఎక్కాలనుండేది. ఆడపిల్లల్ని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

ఆ మాటే ఇక్కడి పిల్లలకి చెప్పింది. వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ. వాళ్ళకి బాగా అర్థమైంది. పోటీలకి పేరు కావాలంటే జట్టుకి లకుముకి పిట్ట పేరు పెట్టారు. నీలంరంగు డ్రెస్సు, నారింజ అంచు.

టెక్కా బజారులో గుడ్డముక్కలు కొని, ఆ రాతిబల్ల మీద కుట్టుమిషను పెట్టుకుని ఇద్దరు వదినలూ కుట్టారు. సూర్యకుమారికి కుట్టు రాదు. ఆవిడ వేసిన అంచు కాలవగట్టులా వంకర్లు పోయేది. ఊడదీసి మళ్ళీ వెయ్యమంటే, "పిల్ల గాల్లో గిర్రున తిరుగుతుంటే నా వంకర ఎవడికి కనబడుతుంది?" అనేది. వాన జల్లు కొడితే మిషను మీద పైట కప్పి, ఇద్దరూ ఒక్క గ్లాసు కోపీ, అదే ఇక్కడి కాఫీ, పంచుకుని, పిల్లలు లెక్కపెట్టే అంకెల వరసకి వాళ్ళ ఊరి కోలాటం పాట కలిపి నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు పట్టేవాళ్ళలో ఒక పిల్ల రాలేదు. మంగతాయారు చెంగు దోపి నిలబడింది. ఆమని పైకి లేచింది, తిరిగింది, తప్పింది. అందరూ మొహం చూస్తున్నారు. తను నడుం చూస్తోంది. పడేచోటికి ముందే ఒరిగింది. పిల్ల తల నేలకి తగలకుండా తన చేతుల్లో పడింది. కుడి మణికట్టు మాత్రం అప్పటి నుంచీ వాన వస్తుందంటే చాలు ముందే చెబుతుంది.

ఆ సాయంత్రం సూర్యకుమారి ఏడుస్తూ ఆ చేతికి ఆముదం రాసింది. "ఈ చేతులకి నేనేం పెట్టుకోను వదినా?" అంది.

తర్వాత ఎవరి దారి వాళ్ళది. సూర్యకుమారి ట్విర్లోరాలో చిన్న ఉద్యోగంలో చేరి, పెద్దదై, సెరంగూన్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న కాండో అపార్టుమెంటుకి మారింది. మంగతాయారు ఇక్కడే ఉండిపోయి, పిల్లల్ని పడుతూ, పట్టేవాళ్ళని తయారుచేస్తూ, ఎవరో ఒకరు ఉండాలి కదా అని సమాఖ్య కమిటీలోకి వెళ్ళింది.

మొన్న వరలక్ష్మీ వ్రతానికి సూర్యకుమారి పిలిస్తే ప్రాణం లేచొచ్చింది. వాయనం పుచ్చుకుని, పైట కొంగు కప్పుకుని, అక్కడ విప్పి చూడకుండా తెచ్చుకుంది. విప్పి చూడకూడదు కదా మరి. ఇంటికొచ్చి చూస్తే శనగల కింద చీర. మురిసిపోయింది.

నిన్న మిసెస్ ఓంగ్ ఫోన్ పెట్టేశాక, ఆ వ్రతానికి వచ్చిన నాగమల్లేశ్వరికి చేసి మాటల్లో పెట్టి అడిగింది. "చీరా? మాకందరికీ జాకెట్టు ముక్కలే వచ్చాయే!" అని ఆవిడ దీర్ఘం తీసింది.

ఆ దీర్ఘం ఇప్పటికీ చెవిలోనే ఉంది.

* * *

సూర్యకుమారి వచ్చేసరికి ఎదురు బ్లాకు మీద ఎండ పసుపుపచ్చగా వాలింది. ఆఫీసు బట్టల్లోనే వచ్చింది గానీ, సంచీలోంచి ఒక జరీ కండువా తీసి భుజాల మీదుగా కప్పుకుని లోపల కాలు పెట్టింది.

"లిఫ్టులో ఇంకా ఆ వాసనే వదినా. ఎండుచేపలూ, ఫినాయిలూ." నవ్వబోయింది. బల్ల మీద చీర కనబడి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"కూర్చో వదినా. కాఫీ తెస్తాను."

"కాఫీ తర్వాత. అదేంటక్కడ?"

"నువ్వు పెట్టిన చీరే."

"నేను పెట్టిందని నాకు తెలుసు. బల్ల మీదెందుకుంది?"

మంగతాయారు కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఎవరూ తాగలేదు. పై ఇంట్లో ఎవరో కుర్చీ ఈడ్చారు. ఒకప్పుడు ఆ పై ఇల్లు సూర్యకుమారిదే.

"అందరికీ జాకెట్టు ముక్కలు పెట్టావు. నాకు చీర. ఎందుకు వదినా?"

"నీకు తెలీదూ?"

"తెలుసనే అనుకున్నాను. నిన్నటిదాకా."

సూర్యకుమారి మొహం ఎర్రబడింది. "అంటే లంచమంటావు! నోరారా అను. ఈ చేతులు నా బిడ్డని పట్టాయి. ఆ బిడ్డ ఇవాళ ఇంకో బిడ్డని మోస్తోంది. ఆ చేతులకి ఒక చీర పెట్టుకునే హక్కు నాకు లేదా?"

"ఉంది. నూరుపాళ్ళు ఉంది." మంగతాయారు ఆవిడ మొహం చూడటం లేదు. ఆవిడ కూర్చున్న తీరు చూస్తోంది. నడుం కుర్చీకి ఆనలేదు. లేచిపోవడానికి సిద్ధంగా ఉంది. "ఇంకేమీ లేదా వదినా? ఒట్టు?"

కాఫీ మీద మీగడ తెట్టు కట్టింది.

"ఆఫీసులో అడిగారు," అంది చివరికి సూర్యకుమారి. గొంతులో ఇంగ్లీషు ఆఫీసు పోయి రేపల్లె వచ్చింది. "ఆ మిగిలిన ఒక్క ఓటూ మీ ఫ్రెండుదంటగా, ఎటు పడతదని. నేను చూసుకుంటానన్నాను. ఆ వారమే వ్రతం. ఆమని కోసం కొన్న చీరల్లో ఇది నీకని ముందే పక్కన పెట్టాను. దేవుడి తోడు, ముందే పెట్టాను. రెండూ నిజమే వదినా. ఏది ముందో ఏది వెనకో నాకే తెలీటం లేదు."

మంగతాయారుకి కోపం రావాలి. రాలేదు. కాలవగట్టు లాంటి ఆ వంకర అంచు కళ్ళముందు కదిలింది.

"మీ కంపెనీ వస్తే కింద ఆ పరుపులు ఎత్తేస్తారు. తెలుసుగా?"

"పరుపులెందుకు వదినా! మంచి హాలు వస్తుంది. ఏసీ. మెత్తటి నేల. పిల్లలు దెబ్బలు తగిలించుకోరు. ఆ రోజు ఆమని పరుపు సందులో పడుంటే? ఎప్పుడూ నీ చేతులే ఉంటాయా కింద?"

అది అబద్ధం కాదు. మంగతాయారు మణికట్టు నిమురుకుంది.

"హాలొస్తుంది. ఆ హాల్లోకి పక్క బ్లాకు ఫాతిమా కూతురు ఫీజు కట్టి వెళ్ళగలదా? శిబిరానికి పోనిదానికి నీ జడ్జి మార్కు వేస్తాడా? మనం కుట్టిన డ్రెస్సుతో ఆమని ఇవాళ దిగితే, ముందు బట్టలు మార్చుకు రమ్మంటారు వదినా. ఆమనిని!"

సూర్యకుమారి కిటికీ వైపు తిరిగింది. కింద పిల్లలు అప్పుడే పోగవుతున్నారు. అంకెలు లెక్కపెడుతున్న గొంతుల్లో ప్రణవి గొంతు వేరుగా వినబడుతోంది.

"మిసెస్ ఓంగ్ ఏమంది?" అని అడిగింది అటు చూస్తూనే.

"చీర ఇచ్చినవాళ్ళకి చేరాలంది. చేరిందని నీ నోట తను వినాలంది. అప్పుడు నా ఓటు నాది."

"అంటే వాయనం నా మొహాన కొడతావు. కడుపుతో ఉన్న పిల్ల ఉందని కూడా చూడకుండా!"

"కూర్చో. అరవకు. నేను దివిసీమదాన్ని. అంత మాత్రం తెలీదా నాకు?" మంగతాయారు లేచి చీర చేతిలోకి తీసుకుంది. మడత విప్పి ఆవిడ ఒళ్ళో పరిచింది. "చూడు. ఉతికాను. ఒకసారి కట్టాను, విడిచాను. మెత్తబడింది. పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వేస్తామా మనం? పెద్దముత్తైదువ కట్టి విడిచిన చీరే కదా ఉయ్యాలకి కడతాం? ఇది నీకు తిరిగివ్వటం లేదు. ఆమని బిడ్డకి, ఆమని అత్త పెట్టే ఉయ్యాలచీర. దీన్ని కాదంటే నీకే అరిష్టం."

సూర్యకుమారి చీర అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"నువ్వు కమిటీలో ఉండాల్సినదానివి కాదే వదినా," అంది. "మా ఆఫీసులో ఉండాలి." నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు ఒకటి వచ్చింది. వెంటనే మొహం గట్టిపడింది. "చేరిందని చెప్పాక సోమవారం నేను ఆఫీసుకి ఏ మొహంతో వెళ్ళాలి? అది ఆలోచించావా?"

మంగతాయారు వెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది.

పీట వేసింది. పాదాలకి పసుపు రాసింది. బొట్టు పెట్టింది. చీరని మళ్ళీ మడిచి పళ్ళెంలో పెట్టి, మీద శనగలూ పళ్ళూ తాంబూలమూ పెట్టి, కొంగు కప్పి ఎదురుగా నిలబడింది. సూర్యకుమారి కండువా చెంగు పట్టింది. ఆ ఒడుపు ఎక్కడికీ పోలేదు.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ముమ్మాటికీ ఇచ్చింది. ముమ్మాటికీ పుచ్చుకుంది.

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

"నేనే, వరలక్ష్మిని."

"కోరితినమ్మ వరం," అంది మంగతాయారు.

ఇస్తినమ్మ వరం అనాలి. అదే వరస. అమ్మమ్మల నాటి నుంచి ఎవరూ ఆ మాట దగ్గర ఆగలేదు. ఏం వరమని అడిగినవాళ్ళూ లేరు.

సూర్యకుమారి ఆగింది.

కింద ప్రణవి అరిచిన అంకె, దాని వెనకే పిల్లలంతా ఒక్కసారిగా ఊపిరి బిగపట్టిన నిశ్శబ్దం, తర్వాత కేరింతలు. ఎవరో ఎగిరారు. ఎవరో పట్టుకున్నారు.

సూర్యకుమారి పళ్ళేన్ని చెంగు కింద దాచుకుని, ఆ మాట అనకుండానే చెప్పులేసుకుంది. మంగతాయారు వెనకే లిఫ్టు దాకా వెళ్ళింది. పేరంటాలిని గుమ్మంలో వదిలేయడం పద్ధతి కాదు.

లిఫ్టు వచ్చింది. సూర్యకుమారి లోపలికెళ్ళి ఇటు తిరిగింది.

"ఆ రోజు మా ఇంట్లో నేనూ వరం కోరాను వదినా. నవ్వుతూ ఇచ్చేశావు, ఏమిటని అడక్కుండా."

మంగతాయారు ఒక అడుగు ముందుకేసింది. "ఏం కోరావు?"

"ఆమని పురుడు సుఖంగా కావాలని కోరుకుందామనే కూర్చున్నాను..." సూర్యకుమారి కళ్ళు దించుకుంది. "తీరా నోరు తెరిచేసరికి, మనసులో ఆఫీసువాళ్ళు అడిగిందే వచ్చింది."

తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు ఒక్కో అంతస్తూ దిగుతున్న చప్పుడు వింటూ మంగతాయారు అక్కడే నిలబడిపోయింది. మణికట్టు సలుపుతోంది. ఆకాశంలో మబ్బు లేదు.

వాయనం ఎలా ఇవ్వాలో, ఎలా పుచ్చుకోవాలో, ఉయ్యాలకి ఏ చీర కట్టాలో అన్నీ నేర్పి పోయారు పెద్దవాళ్ళు. ఇచ్చేసిన వరాన్ని వెనక్కి తీసుకోవచ్చో లేదో మాత్రం ఒక్కరూ చెప్పి పోలేదు.